ఊదిన గాలి

గుయ్‌మంటోంది గానీ గాలి రావడం లేదు. ఎడమ వైపుకు ఒత్తిగిలి పడుకున్న అమ్రీన్ కళ్లు మాత్రం పైకెత్తి గోడ మీది ఆ తెల్లటి ఏసీ పెట్టెనే చూస్తోంది. పచ్చ లైటు వెలుగుతోంది, మూతి తెరుచుకునే ఉంది, బయట గోడకు బిగించిన పెద్ద డబ్బా గల్లీ మొత్తానికి వినబడేలా రొద పెడుతూనే ఉంది, అంటే కరెంటుకు ఏ రోగమూ లేదు, స్టెబిలైజర్‌కు ఏ రోగమూ లేదు, రోగమల్లా లోపల గిర్రున తిరిగి గాలిని బయటికి నెట్టాల్సిన ఆ పొడుగాటి చక్రానిదే. దానికి తిరగాలనే ఉంది పాపం. తిరగబోయి, చేతగాక, గుయ్‌మని మూలిగి, కాసేపు ఊరుకుని, మళ్లీ తిరగబోతోంది. మధ్యాహ్నం నమాజు అయిపోయి చాలాసేపైంది. రేకుల మీద, డాబాల మీద, స్టేషన్‌లో ఆగిన గూడ్స్ డబ్బాల మీద మే నెల ఎండ పడి మహబూబాబాద్ అంతా పెనంలా కాలుతోంది. మెడ కింద దిండు తడిసి ముద్దయింది. ఇది ఏడో నెల, అయిదో నెలలోనే డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, కాన్పు దాకా మంచం దిగొద్దని చెప్పి పంపింది, బాత్రూముకు, దవాఖానకు తప్ప దేనికీ దిగడం లేదు, ఇట్లా పడుకునే ఉన్న మనిషికి చూడడానికి మిగిలిన లోకం ఈ పెట్టె ఒక్కటే. నెత్తి మీద రెక్కల పంకా ఒకటి ఉంది గానీ అది వేడిని ఒక మూల నుంచి ఇంకో మూలకు మోయడం తప్ప వేరే పని నేర్చుకోలేదు. పొద్దటి నుంచి కదలనిది ఆ చక్రం ఒక్కటే అయితే బాగుండేది. కడుపులో బిడ్డ కూడా కదల్లేదు. ఆ సంగతి అమ్రీన్ ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు, మాట నాలుక చివరి దాకా వచ్చినప్పుడల్లా గబుక్కున ఏసీ గురించి ఆలోచించడం మొదలుపెడుతోంది.

ఏసీ గురించి ఆలోచించడం సుళువు. రోజూ ఇదే వేళకు ఏసీ వేస్తారు, వేసిన కాసేపటికి దుప్పటి మీదుగా చల్లగాలి పొట్టకు తగులుతుంది, తగలగానే లోపల ఒక మెదులు, ముందు కుడిపక్క డొక్కలో చిన్న పోటు, తర్వాత మొత్తం మనిషి అటు నుంచి ఇటు బోర్లా తిరిగినట్టు పొట్ట ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎండలో తోటి పిల్లలతో ఆడి ఆడి వచ్చి కూలరు ముందు చొక్కా ఎత్తుకుని నిలబడే పోరగాడి లాంటి వాడు, వాడో అదో, ఎవరైతేనేం. కాబట్టి చక్రం తిరగనీ. తిరిగితే గాలి వస్తుంది, గాలి తగిలితే లోపల మెదులుతుంది, మెదిలితే ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరమే రాదు, ఈ పూట ఇట్లా ఒకటి నడిచిందని ఏ నరపురుగుకూ తెలియకుండా గడిచిపోతుంది. ఈ లెక్కలో ఎక్కడో లొసుగు ఉందని అమ్రీన్‌కు తెలుసు. డిగ్రీ కాలేజీలో జువాలజీ చదివింది, కప్పను కోసి గుండె ఎట్లా కొట్టుకుంటుందో చూసింది, గాలికీ కడుపులో బిడ్డకూ ఉన్న సంబంధం ఎంతో ఆమెకు చెప్పనక్కరలేదు. చదువు ఒక పక్క కూర్చుంది, భయం ఇంకో పక్క కూర్చుంది, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు.

అత్త దిల్షాద్ బేగం మళ్లీ ఫోను చేస్తోంది. సారయ్యకే. మహబూబాబాద్‌లో సగం ఏసీలకు సారయ్యే వైద్యుడు, ఎండాకాలం వస్తే అతని ఫోను దొరకడమే గగనం, అయినా అమ్రీన్ మొగుడు జావేద్ పేరు చెబితే ఎత్తుతాడు. జావేద్ టెంట్ హౌస్ కూలర్లను బాగు చేసేది అతనే కదా. జావేద్ మాత్రం ఈ వేళప్పుడు గంగారం దగ్గర ఏదో పెళ్లి పందిట్లో ఉన్నాడు, ఇంట్లో గాలి లేక పెళ్లాం ఉడికిపోతుంటే పదూళ్ల చుట్టాలకు కూలర్లు పెట్టి గాలి పంచుతున్నాడు, ఆ అడవిలో ఫోను పలకదు, పలికినా ఏం చెప్పాలి. ఆ మాట నోటితో అంటే పోయినేడు లాగే మళ్లీ అవుతుందని భయం. దిల్షాద్ బేగం స్పీకర్ పెట్టి ఫోనును నోటి ముందు పళ్లెంలా పట్టుకుని, సారయ్య చెప్పిందల్లా చేస్తోంది. స్టెబిలైజర్ ఆపి కాసేపాగి వేసింది. రిమోటులో పంకా బొమ్మ వచ్చేదాకా నొక్కింది. జల్లెడ ఊడదీసి కడిగింది. ఆమెకు ఆ ఏసీ ఇంటికొచ్చిన అల్లుడితో సమానం, శుక్రవారం శుక్రవారం తడి గుడ్డతో దాని మొహం తుడుస్తుంది, ఎదురుగా ఎవరినీ కాళ్లు చాపి కూర్చోనియ్యదు. అట్లాంటిది ఇవాళ అది మొండికేసేసరికి కోపం లేదు, మందలింపు లేదు, మొహం మాత్రం పాలిపోయింది. ఒక్క ఏసీ ఆగిపోతే ఇంత పాలిపోవాలా అని అమ్రీన్‌కు ఒక్క క్షణం అనిపించింది, అనిపించి జారిపోయింది.

"గుయ్ అంటుందంటే మోటరు బతికే ఉన్నదక్కా," అంటున్నాడు ఫోనులో సారయ్య. "కదుల్తలేదు గంతే. వస్తున్న, జర ఆగుండ్రి."

బతికే ఉన్నది, కదులుతలేదు గంతే. అమ్రీన్ కళ్లు మూసుకుంది. ఎంత తేలిగ్గా అన్నాడు. పెట్టె కింద నుంచి నీళ్లు కారడం మొదలైంది, లోపల చలువ పుడుతోంది గానీ బయటికి తోసే గాలి లేక ఆ చలువంతా గొట్టాల మీదే మంచై పేరుకుని కరిగి కారుతోందని సారయ్యే చెప్పాడు, దిల్షాద్ బేగం ఏసీ ఆపేసి పోయి స్టీలు గిన్నె తెచ్చి పెట్టింది. టప్. టప్. నిన్న స్కానింగ్ గదిలో కూడా ఇట్లాగే ఏదో కారుతోంది, చేతులు కడిగే సింకేమో, ఆ చీకటి గదిలో తెర మీద బూడిద రంగు మనిషి, వెన్నెముక పూసల దండలా, గుండె దగ్గర ఆగకుండా ఒక మినుకు, అంతా బాగుందమ్మా అన్నది డాక్టరమ్మ, నిన్న కదా అన్నది, నిన్న బాగున్నది ఇవాళ ఎందుకు బాగుండదు. నడుముకు కట్టిన నల్లదారం అడ్డమొస్తోందని నిన్నే తీసేయమంది. దారానికి చిన్న వెండి తావీజు, అదే తాయెత్తు. అయిదో నెలలో దిల్షాద్ బేగం దర్గాకు పోయి తెచ్చి, దువా చదివి, మూడు ముళ్లు వేసి తనే కట్టింది. తీసింది తీసినట్టే ఇంటికి వచ్చాక మళ్లీ కట్టబోతే నడుము చుట్టూ చెమటకాయలు, ఎర్రగా ఒరిసిపోయిన చర్మం, కట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. అట్లాగని తావీజును మంచం మీద పడేయకూడదు, కాళ్లు తగిలే చోట ఉంచకూడదు, బీరువాలో బట్టల కింద పెట్టినా దానికి అగౌరవమే. గదిలో అన్నిటికన్నా ఎత్తున్నది ఏసీయే. కుర్చీ ఎక్కి, గాలి వచ్చే మూతి దగ్గర కిందా మీదా ఆడే పలక రెక్కకు నల్లదారం చుట్టి వేలాడదీసింది. దీని మీదుగా వచ్చిన గాలి నీకు తగిలితే దువా చదివి నీ మీద ఊదినట్టే బేటీ అన్నది. రాత్రంతా ఆగకుండా ఊదుతుంది, నాకు అంత ఊపిరి ఎక్కడిది అని నవ్వింది కూడా.

ఆ మాట అమ్రీన్‌కు నచ్చింది. రాత్రి పడుకుని చూస్తే ఆ వెండి బిళ్ల గాలికి ఊగుతూ, తిరుగుతూ, పచ్చ లైటు పడ్డప్పుడు తళుక్కుమంటూ ఉంది, అది ఊగుతుంటే లోపల వాడూ ఊగాడు, డొక్కలో ఒక పోటు, ఇంకో పోటు, ఆ తర్వాత నిద్ర పట్టింది. అదే ఆఖరు. అదే ఆఖరు అని ఎవరన్నారు? తనే అన్నది, ఇప్పుడే, లోపల. వెంటనే దాన్ని చెరిపేయాలని కళ్లు తెరిచి తావీజు కోసం చూసింది. పొద్దటి నుంచి ఆ పెట్టెనే చూస్తున్నా ఇది కంటికి ఆనలేదు, పలక రెక్కకు ఏమీ లేదు. దారం లేదు, బిళ్ల లేదు. అత్త తీసి ఇంకెక్కడైనా పెట్టిందేమో. తీసి ఉంటే చెప్పేది కదా. పొద్దున చీకటి ఉండగానే దిల్షాద్ బేగం మంచం కింద ఊడవడం గుర్తొచ్చింది, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది, దిండు ఎత్తి చూసింది, దుప్పటి దులిపింది, ఏం వెతుకుతున్నారమ్మీ అంటే సూది పడిపోయిందన్నది. చీకట్లో సూదితో ఏం పని అని అడగాలని కూడా తోచలేదు, ఎందుకంటే అప్పటికే అమ్రీన్ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని తన వెతుకులాటలో తాను ఉంది.

మరిపెడలో కూడా ఇట్లాగే చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పోయినేడు ఎండాకాలం, పుట్టింట్లో, ఆరో నెల. వంటింట్లో అమ్మ రొట్టెలు ఒత్తుతోంది. అమ్మీ, కదలడం లేదు అన్నది అమ్రీన్. అమ్మ చేతిలో రొట్టెల కర్ర ఆగిపోయింది. ఆగి, మళ్లీ కదిలి, నిద్రపోతున్నాడేమోలే, తెల్లారేసరికి లేస్తాడులే అన్నది, ఆ తెల్లారేదాకా ఇద్దరూ నిద్రపోలేదు, తెల్లారాక ఆటో, బస్టాండు, దవాఖాన, ఒక డాక్టరు ఇంకో డాక్టరును పిలవడం, ఇద్దరూ తెర వైపు చూసి తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, ఎవరూ ఏమీ అనకముందే అంతా తెలిసిపోవడం. నీ తప్పు ఏమీ లేదమ్మా అన్నారు. అందరూ అదే అన్నారు, కానీ అన్నవాళ్లందరూ ఎండలో బస్సులో కుదుపులకు తిరిగిందని కూడా అన్నారు, అందుకే ఈసారి కడుపు నిలవగానే జావేద్ ఈ ఏసీ తెచ్చి బిగించాడు, పుట్టింటికి పంపలేదు, అందుకే ఈ మంచం, ఈ కుట్టు, ఈ తావీజు. కానీ అమ్రీన్ మనసులో గుచ్చుకుని ఉండిపోయింది ఎండా కాదు, బస్సూ కాదు. వంటింట్లో ఆ మాట నోటితో అనేదాకా ఏమీ కాలేదు. అన్నాకే అంతా అయింది. అనకుండా ఉంటే ఆ రొట్టెల కర్ర ఆగేది కాదు, రాత్రి అంత పొడుగ్గా సాగేది కాదు. ఇది పిచ్చి అని తెలుసు. తెలిసీ ఆ పిచ్చినే పట్టుకుని ఉంది, చేతికి అందిన ఒకే ఒక్క కొమ్మ అదే అన్నట్టు.

బయట బండి ఆగింది. సారయ్య వచ్చాడు. దిల్షాద్ బేగం హడావుడిగా కిటికీ చువ్వ నుంచి బీరువా తలుపు దాకా ఒక దుప్పటి అడ్డంగా కట్టింది, మంచం ఇవతల, ఏసీ అవతల. ఇంట్లో పరాయి మగవాడు పని చేసేటప్పుడు ఏడో నెల కోడలు ఎదురుగా పడుకుని ఉండకూడదు, లేచి పక్క గదిలోకి పోవడానికి డాక్టరమ్మ ఒప్పుకోదు, రెంటికీ మధ్య ఈ పువ్వుల దుప్పటి రాజీ కుదిర్చింది. ఇప్పుడు అమ్రీన్‌కు పెట్టె కూడా కనిపించదు. లోకం ఇంకా చిన్నదైపోయి, ఎర్ర గులాబీలూ ఆకుపచ్చ ఆకులూ అయింది, వాటి వెనక నుంచి చప్పుళ్లు. కుర్చీ జరిపాడు. సంచి దించాడు. ఎండను తిట్టాడు, ఊళ్లో ఏసీలన్నీ ఒకేసారి మంచాన పడ్డాయన్నాడు, అతని మాటల్లో ఏసీలకు జ్వరాలు, వాతాలు, మతిమరుపులు. సారయ్యకు అనుమానాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, వచ్చిన ప్రతిదీ ఇక తిరుగులేదన్నట్టే చెబుతాడు. ముందు కెపాసిటర్ పోయిందన్నాడు, అది మోటరుకు మొదటి తోపు ఇచ్చే చిన్న డబ్బా, ఆ తోపు లేకపోతే మోటరు గుయ్‌మని మూలగడమే గానీ కదలదు. వందకు వంద అదే అన్నాడు. ఊడదీసి కొత్తది పెట్టాడు. దిల్షాద్ బేగం బిస్మిల్లా అని స్విచ్చి వేసింది.

గుయ్.

మొదటి తోపు. జమున సిస్టర్ కూడా ఏదో ఇట్లాంటి మాటే అన్నది. దవాఖానలో చీటీలు రాసే ఆ లంబాడీ పిల్ల, సన్నగా, గలగలమంటూ, తండా నుంచి రోజూ బస్సులో వస్తుందట, పోయిన నెల అమ్రీన్ పొట్ట మీద చెయ్యి వేసి, జర సేపు ఆగి, గిదిగో తోస్తుండు చూడు అని నవ్వింది. ఆ నవ్వు వెంటనే మొహం గట్టిగా చేసుకుని చెప్పింది. "కదలికలు తక్కువైనయ్ అనిపిస్తే చల్లటిది ఏమన్న తాగి ఎడమ పక్కకు పండుకో అక్కా. గప్పటికీ లేకుంటే ఎవలనీ అడగకు, ఆగకు, వచ్చెయ్." పొద్దున నిమ్మరసం తాగింది. మజ్జిగ తాగింది. ఎడమ పక్కకు పడుకునే ఉంది, పడుకుని పడుకుని ఆ చెయ్యి తిమ్మిరెక్కింది. గప్పటికీ లేకుంటే. గప్పటికీ అంటే ఎప్పటికి? ఏసీ బాగయ్యే దాకా అని లెక్క పెట్టుకుంది తను, సిస్టర్ ఆ లెక్క చెప్పలేదు. మరిపెడలో తెల్లారేదాకా ఆగింది అమ్మ. ఇక్కడ ఆగుతున్నది ఎవరు? ఆ ప్రశ్న వచ్చి మంచం పక్కన నిలబడింది, ఎంత తోసినా పోవడం లేదు. రాత్రి మెదిలాడు కదా. నిజంగా మెదిలాడా, తావీజు ఊగుతుంటే చూసి అట్లా అనుకుందా? నిద్రలో తెలియకుండా మెదిలి ఉండొచ్చు. పొద్దున ఒకసారి ఏదో అనిపించింది, గాలి బుడగ లాంటిది, అది వాడు కాకపోవచ్చు, అయి ఉండొచ్చు కూడా. తిమ్మిరెక్కిన చేతిని లాగి మళ్లీ పొట్ట మీద పెట్టుకుంది. 

దుప్పటి అవతల సారయ్య రెండో మాట అందుకున్నాడు. అయితే బోర్డు పోయింది, బోర్డు విప్పి దుకాణానికి తీసుకుపోవాలి, రేపు గానీ ఎల్లుండి గానీ అన్నాడు. రేపు అన్న మాట వినగానే అమ్రీన్ దుప్పటి వైపు తల తిప్పింది. దిల్షాద్ బేగం బతిమాలుతోంది, ఇంకోసారి చూడమంటోంది, ఆ గొంతు ఏసీ కోసం బతిమాలే గొంతులా లేదు. సరే అని సారయ్య ముందు మూత మొత్తం ఊడదీశాడు. టకటకమని చిలకలు ఊడిన చప్పుడు. వేలుతో చక్రాన్ని తిప్పి చూశాడు. తిరగలేదు. ఇంకోసారి గట్టిగా తిప్పాడు. లోపల ఎక్కడో కిర్రుమంది.  ఏదో లాగుతున్నాడు. కత్తెర అడిగాడు. దారం తెగిన చప్పుడు వినబడదు గానీ వినబడినట్టే అనిపించింది, తర్వాత స్టీలు గిన్నెలో టంగుమని ఏదో పడింది.

"గిదేందక్కా, నల్లదారం. ఇరుసుకు మొత్తం సుట్టుకున్నది. దీనికి బిళ్ల కూడ ఉన్నది, అది పోయి రెక్కల నడుమ తట్టుకున్నది. ఇగ ఎట్ల తిరుగుతది?"

 గులాబీల వెనక దిల్షాద్ బేగం నీడ వంగి గిన్నెలో నుంచి దాన్ని తీయడం కనిపించింది, కళ్లకు అద్దుకోవడం కనిపించింది. "నేనే కట్టిన సారయ్యా," అన్నది మెల్లగా. అతను ఏమనుకున్నాడో ఏమో, రాత్రి రెక్క కిందా మీదా ఆడి ఉంటది, దారం లోపలికి గుంజుకుని ఉంటది, కానీయ్ అక్కా గిట్లయితది అన్నాడు.  దిల్షాద్ బేగం దుప్పటి దగ్గరికి వచ్చి నిలబడింది. అమ్రీన్‌తో ఇంటి భాష ఉర్దూలో మొదలుపెట్టింది, తెల్లవారుజామున నమాజుకు లేచి ఏసీ ఆపి చూస్తే రెక్కకు తావీజు లేదట, కింద పడిందేమోనని గదంతా వెతికిందట, సూది అబద్ధమట. ఏసీ మింగేసిందని ఆమెకు తట్టనే లేదట, ఎవరో తీసుకుపోయినట్టు, పై నుంచే ఎవరో వద్దని తిరిగి తీసేసుకున్నట్టు అనిపించిందట. అప్పటి నుంచీ గుండె దడదడలాడుతోందట. చివరి మాట మాత్రం, సారయ్య ఉన్నాడని మరచిపోయి, ఏ భాషలో మాట్లాడుతోందో కూడా మరచిపోయి తెలుగులోకి వచ్చేసింది.

"నువ్వు బుగులు పడతవని చెప్పలే బేటీ."

అమ్రీన్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. ఈ ఒక్క గదిలో, ఈ ఉడుకులో, పొద్దటి నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే భయాన్ని కొంగు కింద దాచుకుని తిరిగారు. ఆమె ఊడుస్తూ దాచింది, తను పడుకుని దాచింది. మూత బిగించిన చప్పుడు. సారయ్య స్విచ్చి వేశాడు. గుయ్‌మనలేదు. ముందు చిన్న గురగుర, తర్వాత సన్నటి ఈల, తర్వాత గాలి, నిజమైన గాలి, దుప్పటి గులాబీలు ఇటువైపు ఉబ్బాయి, అంచు లేచి చలువ మంచం మీదికి జారింది, చెమట పట్టిన మెడకు, చేతులకు, పొట్టకు తగిలింది. సారయ్య సంతోషం సారయ్యది, సంచి సర్దుకుంటూ, ఇగ ఎండాకాలం మొత్తం ఢోకా లేదంటున్నాడు. అమ్రీన్ ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు. చక్రం తిరిగింది, గాలి తగిలింది, లెక్క ప్రకారం ఇప్పుడు. పొట్ట మీద గుడ్డ పక్కకు తీసి రెండు చేతులూ వేసింది. చర్మం చల్లబడింది. గాలి ఇంకా వచ్చింది. చేతుల కింద బిగుసుకున్న పొట్ట, ఆ పొట్టలో తన గుండె చప్పుడే, అది కూడా పరుగెడుతోంది. రా. ఒక్కసారి. డొక్కలో తన్ను, ఎంత గట్టిగా తంతావో తన్ను. గాలి తగులుతూనే ఉంది. ఏమీ లేదు. లెక్క అయిపోయింది, ఇక ఆగడానికి వంక ఏదీ మిగల్లేదు. మరిపెడ వంటింట్లో అమ్మ చేయి ఆగిపోవడం కళ్ల ముందు ఆడింది, ఈ దుఃఖం తను అన్నందుకు కాదు, అన్నాక తెల్లారేదాకా ఆగినందుకు, అనడం ఒక్కటే తను అప్పుడు చేసిన సరైన పని. ఇంత తేలికైన సంగతి ఏడాదిగా ఎందుకు తోచలేదో. పరాయి మనిషి వింటాడన్నది కూడా గుర్తు లేదు.

"అమ్మీ, పొద్దటి నుంచి బిడ్డ కదుల్తలేదు."

దుప్పటి ఒక్క గుంజుకు ఊడి పడింది. దిల్షాద్ బేగం మొహం చూస్తే భయమేస్తుందనుకుంది అమ్రీన్, కానీ భయం వేయలేదు, ఆ మొహంలో రొట్టెల కర్ర ఆగిన మొహం లేదు, నిద్రపోతున్నాడులే అనే మొహం లేదు. అత్త గబగబా బుర్ఖా అందుకుంది. ఎటు చూడాలో తెలియని సారయ్య ఏసీ వైపు చూసి, అక్కడ తన పని అయిపోయిందని గుర్తొచ్చి, మంగ్యా ఆటో మలుపు కాడనే ఉంటదక్కా అని బయటికి ఉరికాడు. కొన్ని నిమిషాల తర్వాత అత్త, సారయ్య, ఆటో నడిపే మంగ్యా ముగ్గురూ కలిసి అమ్రీన్‌ను కుర్చీలో మోసుకుపోయి ఆటోలో పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టారు, తల అత్త ఒళ్లో, కాళ్లు సీటు మీద. ఖాళీ గదిలో ఏసీ నడుస్తూనే ఉంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

గల్లీ దాటాక రోడ్డంతా గుంతలు. మంగ్యా ఎంత మెల్లగా పోనిచ్చినా ప్రతి గుంతకూ పొట్ట అదురుతోంది, అదిరినప్పుడల్లా అమ్రీన్‌కు ప్రాణం లేచొస్తోంది, వాడేనా, కాదు, ఆటో, మళ్లీ, ఇదైనా వాడేనా, కాదు, గుంతే. వడగాలి లోపలికి కొడుతోంది, కారం బస్తాల వాసన, డీజిల్ వాసన, అరటిపళ్ల బండి, ఎండలో తెల్లబడిన ఆకాశం ముక్క. దిల్షాద్ బేగం ఒక చేతి గుప్పిట్లో తెగిన నల్లదారం, తావీజు బిగించి పట్టుకుని, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టి దువా చదువుతోంది, చదివి ఊదుతోంది, ఊపిరి అయిపోగానే మళ్లీ పీల్చి చదువుతోంది. ఆ ఊపిరిలో తమలపాకు వాసన ఉంది, చలువ ఏమీ లేదు, వేడిగానే ఉంది. నాకు అంత ఊపిరి ఎక్కడిది అని నిన్న నవ్విన మనిషి ఇదే. స్టేషన్ రోడ్డు మలుపు దగ్గర ఇంకో అదురు. ఇది గుంతా? గుంత కనబడలేదు. అమ్రీన్ లేవబోయింది, అత్త ఆపింది. "అన్నా, ఆటో ఆపు," అన్నది అమ్రీన్. మంగ్యా వెనక్కి తిరిగి, దవాఖాన ఇంకా రాలేదక్కా అన్నాడు. ఆపమని మళ్లీ చెప్పింది, ఇంజను కూడా బంద్ చెయ్యమంది. నడిరోడ్డు మీద ఆటో ఆగింది. వెనక లారీ వాడు హారను మీద చెయ్యి తీయడం లేదు, ఎవడో బండి మీద పోతూ తిట్టాడు. ఆటో కదలడం లేదు. సీటు కదలడం లేదు. అత్త చెయ్యి కదలడం లేదు. పొద్దంతా ఏదో ఒకటి తిరగాలని వేడుకున్న మనిషి, ఇప్పుడు లోకంలో ఉన్నవన్నీ కాసేపు ఆగిపోవాలని వేడుకుంటూ ఊపిరి కూడా బిగబట్టింది.

ముందు తెలిసింది దిల్షాద్ బేగంకే. దువా సగంలో ఆమె పెదవులు ఆగిపోయాయి. ఆ చెయ్యి కింద, కుడిపక్క డొక్కలో, చాలా చిన్నగా, నీరసంగా, లోపలి నుంచి ఎవరో తలుపు తోయబోయి శక్తి చాలక వదిలేసినట్టు ఒక్క కదలిక. ఒకటే. ఇంకోటి వస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు, రాలేదు, అయినా వచ్చినది వచ్చింది. అమ్రీన్ అత్త మొహంలోకి చూసింది. ఆమె నవ్వలేదు, ఏడవలేదు, గుప్పిట్లో తావీజు ఇంకా గట్టిగా బిగించి ముందుకు వంగింది.

"ఇగ పోనియ్ బిడ్డా," అన్నది మంగ్యాతో. "దవాఖాన దాకా యాడా ఆపకు."